ముత్తమ్మ బాతు ముక్కు మీద గడ్డ

2021 జూలై. తెలంగాణ సరిహద్దుకు అవతల, బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే రోడ్డు మీద, మద్దేడ్ దాటాక మా పశువైద్య కేంద్రం ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వరండా ముందు పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం. దాన్ని మేం ట్రెవిస్ అంటాం. వానలు మొదలయ్యాయంటే ఆ ట్రెవిస్ ఒక్క పూట కూడా ఖాళీగా ఉండదు. గాలికుంటు, గొంతువాపు, గిట్టల పుండ్లు, పాముకాట్లు, అన్నీ ఆ రెండు నెలల్లోనే మా మీద పడతాయి.

నేను పుట్టింది విజయనగరం వైపు. పెరిగింది కిరందుల్ రైల్వే క్వార్టర్లలో, నాన్న ఆ లైనులో పనిచేసేవారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో హల్బీ. పశువుల డాక్టరునయ్యాక గోండీ, దోర్లీ కూడా పని జరిగేంత వరకు వచ్చాయి. కోపం వస్తే మాత్రం అన్ని భాషలూ ఎగిరిపోయి విజయనగరం ఒక్కటే మిగులుతుంది. ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. "డాక్టరమ్మ 'ఏటి' అన్నదంటె ఇగ నోరు మూసుకోవాలె" అని నవ్వుకునేవారట.

నోరులేని జీవాలకు వైద్యం ఎలా చేస్తారండీ అని చాలామంది అడుగుతుంటారు. నోరులేని జీవంతో మాకు ఇబ్బందే లేదు. దాన్ని తీసుకొచ్చిన మనిషికి నోరుంటుందే, ఇబ్బందంతా దానితోనే. జబ్బేమిటో ఆ మనిషి ఇంటి దగ్గరే తేల్చేసుకుని వస్తాడు. మందు పేరు కూడా తనే చెబుతాడు. మనం చేయాల్సింది సూది గుచ్చడం ఒక్కటే అన్నట్టు నిలబడతాడు. అలా తీర్పు ముందే రాసుకుని వచ్చిన కేసుల్లో నేను ఎప్పటికీ మరచిపోలేనిది ముత్తమ్మ బాతు కేసు.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. ముత్తమ్మ నెత్తి మీద వెదురు గంప పెట్టుకుని వచ్చింది. గంప మీద పాత లుంగీ కప్పి తాడుతో బిగించి ఉంది. ముత్తమ్మ నాకు కొత్త కాదు. అక్కడికి దగ్గర్లో చెరువు పక్కనున్న ఊరు ఆమెది. మొగుడు అవతల తెలంగాణలో మేస్త్రీ పని చేస్తాడు. ఈమె ఇక్కడ ఒక మంద నాటుబాతులను పెంచి, గుడ్లు మద్దేడ్ సంతలో అమ్ముతుంది. ఎప్పుడొచ్చినా గేటు దగ్గర నుంచే నవ్వుకుంటూ వచ్చే మనిషి, ఆ రోజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె వెనకాల కొంచెం ఎడంగా రాజయ్య వచ్చాడు. ముత్తమ్మ పక్కింటివాడు, వరసకు బావ. గొడుగు పట్టుకుని ముంగిట్లోనే నిలబడ్డాడు గానీ, రమ్మన్నా వరండా ఎక్కలేదు.

"ఏంటమ్మా, ఏం తెచ్చావ్?" అన్నాను.

"బాతు మేడం. ముక్కు మీద గడ్డ లేసింది. జెర కోసెయ్యుండ్రి" అంది ముత్తమ్మ.

"కోసుడు గాదు. సూది ఏసి సంపుండ్రి" అన్నాడు రాజయ్య వానలోంచి. "దానికి తల్లి పోసింది. ఊరంత అంటుకుంటది."

మా విజయనగరం వైపు అమ్మవారు పోసింది అంటాం, అక్కడ తల్లి పోసింది అంటారు. కోళ్లకు వచ్చే మశూచిని మేం ఫౌల్ పాక్స్ అంటాం. జుట్టు మీద, కళ్ల చుట్టూ, ముక్కు మొదట్లో కంతుల్లా లేస్తాయి. కోళ్లు పెంచే ఇళ్లలో దాన్ని చూడనివాళ్లు ఉండరు. తల్లి పోసిన ఇంటికి ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. గుమ్మానికి వేపమండలు కడతారు. నూనె మరిగిన వాసన తల్లికి పడదని ఆ ఇంట్లో తాలింపు వేయరు. ఆ ఇంటి నుంచి ఉప్పు, నిప్పు ఎవరూ తీసుకోరు, ఆ ఇంటికి ఎవరూ ఇవ్వరు. తల్లి దిగేదాకా అంతే. పిల్లలకు తట్టు పోసినప్పుడు ఈ కట్టడి వల్ల మేలే జరుగుతుంది, జబ్బు ఇల్లు దాటదు. అందుకని నేనెప్పుడూ దాన్ని వెక్కిరించలేదు. ఈసారి మాత్రం అది ఒక బాతు మూలంగా ముత్తమ్మ మీద పడింది.

"వానలు వడ్డకాన్నుంచి సప్పిడి కూరలే తింటున్న మేడం" అంది ఆమె. "సంతల నా గుడ్లు ఎవ్వలు ముడుతలేరు. బోరింగు కాడ నేను బిందె వెడితె అందరు జరుగుతున్రు. నా సొంతూర్ల నేను అంటరానిదాన్ని అయిన."

"నువ్వు ఒక్కదానివే చెప్పుకుంటే ఎట్ల? మాది గూడ జెప్పు" అన్నాడు రాజయ్య. నా వైపు తిరిగి, "ఎండకాలంల నా కోళ్లన్ని ఊడ్సుకపోయినయ్. మల్ల ఇప్పుడిప్పుడే పిల్లలను తెచ్చుకున్న. టీవీల సూపెడుతలేరా, బాతులకెల్లి కోళ్లకు, కోళ్లకెల్లి మనుషులకు వస్తదని! ఊరోళ్లందరం కూసున్నం. రేపు పొద్దుగూకేలోపు ఈమె బాతులన్నిటిని గుంత దీసి పూడ్సుడే" అన్నాడు.

"అన్నిటినీనా? గడ్డ ఉన్నది ఒక్కదానికేగా?"

"అన్నిటిని."

అప్పుడు అర్థమైంది ముత్తమ్మ కోయమని ఎందుకు అడుగుతోందో. గడ్డ కోయించి, సాఫుగా ఉన్న ముక్కును ఊరికి చూపించి, మిగిలిన మందను కాపాడుకోవాలని. ఆ మంద పోతే ఆమెకు మళ్లీ కూలిపనే గతి.

గంప మూత తీశాను. నేను అప్పటికి వేల కోళ్లను, వందల బాతులను చేత్తో పట్టినదాన్ని. ఇలాంటి దాన్ని చూడలేదు. నాటుబాతు కంటే చాలా పెద్దది. తల, మెడ తెలుపు, వాటి మీద సిరా చిలకరించినట్టు నల్లచుక్కలు. పొట్ట తెలుపు. వీపూ రెక్కలూ నలుపే గానీ వెలుతురు పడగానే ఆకుపచ్చగా, ఊదాగా మెరిశాయి. నల్లటి ముక్కు మీద, నుదుటి నుంచి కొస దాకా, సగం గారెను నిలువుగా అతికించినట్టు ఒక కండ. దాని మీద పసుపు, వేపాకు ముద్ద మెత్తి ఉంది.

మా డ్రెస్సర్ బుధ్‌రామ్ నారాయణపూర్ వైపు మనిషి. కట్లు కట్టడం, పరికరాలు ఉడికించడం అతని పని. ఆ గడ్డను ఒక్క చూపు చూసి, "ఛోటా కామ్ హై మేడమ్, దో మినట్ మే నికాల్ దేంగే" అంటూ, రెండు నిమిషాల్లో తీసేసేలా బ్లేడు, దూది, అయోడిన్ అన్నీ ట్రేలో సర్దేశాడు. బుధ్‌రామ్‌కు ఆపరేషన్ అంటే పెళ్లిభోజనమంత ఇష్టం.

నేను ముందు ఆ పసుపు ముద్దంతా గోరువెచ్చని నీళ్లతో కడిగాను. మా వృత్తిలో పూత కింద ఏముందో చూడకుండా కత్తి ముట్టుకోకూడదు. కడిగాక కనిపించింది నల్లటి, నునుపైన కండ. పొక్కు లేదు, చెక్కు కట్టలేదు, ఎక్కడా చిట్లలేదు. ఫౌల్ పాక్స్ కంతి గరుకుగా, ఎండిన పుండులా ఉంటుంది. పైగా అది బాతులకు రావడం అరుదు. ఇక రెండోది ట్యూమర్, అంటే లోపలి కణాలు అదుపు తప్పి పెరిగిన గడ్డ. సన్నని సూది గుచ్చి సిరంజితో లాగి చూశాను. దీన్ని ఆస్పిరేషన్ అంటారు, లోపల చీముందో నీరుందో తెలుస్తుంది. ఒక చుక్క మంచి నెత్తురు తప్ప ఏమీ రాలేదు.

తర్వాత రొమ్ము కింద చెయ్యి పెట్టాను. పక్షికి రొమ్ము మధ్యలో నిలువుగా ఒక ఎముక ఉంటుంది, కీల్ అంటాం. జబ్బుపడ్డ పక్షికి కండ కరిగిపోయి ఆ ఎముక కత్తి అంచులా చేతికి తగులుతుంది. ఎంత మాయదారి రోగమైనా ఆ ఎముక దగ్గర దాగదు. ఈ బాతుకు ఎముక దొరకడానికే నేను వేళ్లతో నొక్కాల్సి వచ్చింది. రెండు వైపులా అంత కండ. కళ్లు చురుగ్గా ఉన్నాయి, ఈకలు నూనె రాసినట్టున్నాయి, బుధ్‌రామ్ వేలిని చక్కగా కరిచింది కూడా.

ఇంకోసారి ఆ గడ్డను వేళ్ల మధ్య పట్టుకుని చూశాను. జబ్బుతో లేచిన కంతికి ఒక తీరూ తెన్నూ ఉండదు, ఎటు వీలైతే అటు పాకుతుంది. ఇది సరిగ్గా ముక్కు మధ్యలో, ఎవరో కొలిచి పెట్టినట్టుంది. పాడుచేయడానికి వచ్చినదానిలా లేదు, ముస్తాబుకు వచ్చినదానిలా ఉంది. బ్లేడు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ముత్తమ్మా, ఈ బాతు ఎక్కడిది?"

"నిరుడు వానకాలం సంతల కొన్న మేడం. బొటనేలంత పిల్ల. ఊరి చెరువు కొసన ఎండిన మద్దిచెట్టు ఉన్నది సూడుండ్రి, దాని కింద దొరికిందని జెప్పిండు అమ్మినాయన. తల్లెనక లైను గట్టి పోతుంటె ఇదొక్కటి ఎనకబడ్డదట."

"అప్పుడు గడ్డ ఉందా?"

"లేకుండె. ఈ యేడు తొలివాన వడ్డంక లేసింది. వాన వడ్డకొద్ది పెరిగింది."

"అరుస్తుందా?"

"మూగది. మిగిలినయి గాక్ గాక్ మని ఇల్లు పీకి పందిరేస్తయ్. ఇది ఎప్పుడన్న గొంతుల గురగుర అంటది, గంతే."

"రాత్రి ఎక్కడ పడుకుంటుంది? గూట్లోనేనా?"

దాంతో ముత్తమ్మకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. "ఏం జెప్పాలె మేడం! గూట్లకు రానే రాదు. ఎగిరిపోతదని రెక్క కత్తిరించిన. అయినా కట్టెల మోపెక్కి, ఆడికెల్లి గోడెక్కి, ఇంటి పెంకుల మీద కూసుంటది. తెల్లార్లు ఆడనే. ఇది బాతా కోడా అని అందరు నవ్వుతరు."

కాళ్లు తిప్పి చూశాను. వేళ్ల మధ్య బాతు పొరే ఉంది, కానీ గోళ్లు వంకర తిరిగి గట్టిగా ఉన్నాయి, కొమ్మ పట్టుకునేవాటిలా. ఇది నాటుబాతు కాదు, ఏదో అడవిబాతు. బాతుల్లో గట్టిగా అరిచేవి ఆడవే. ఇది నిరుడు పిల్ల, ఈ ఏడు వయసుకొచ్చిన మగది. వానతో మొదలై వానతో పెరిగింది ఆ కండ. పుంజుకు వయసొస్తే జుట్టు ఎర్రబడుతుంది, దీనికీ అదే సంగతి అనిపించింది. ఫోటో తీసి అటవీశాఖలో తెలిసినాయనకు పంపుదామని చూశాను. మా కేంద్రంలో సిగ్నల్ ఎప్పుడుంది గనక!

"ఇది జబ్బు కాదు. నేను కోయను" అన్నాను.

బుధ్‌రామ్ మొహం మాడ్చుకుని ట్రే లోపలికి తీసుకెళ్లాడు. రాజయ్య మాత్రం కదల్లేదు. "జబ్బు గాకపోతె అదేంది మరి?"

"దాని జాతి లక్షణం. వయసొచ్చిన మగవాటికి వస్తుంది."

"మీరెన్నిటిని సూసిండ్రు ఇట్లాంటియి?"

"ఇదే మొదటిది."

"మొదటిది సూసి జాతంత జెప్తున్రా!" అన్నాడు. "మీరు రేపు బదిలీ మీద పోతరు డాక్టరమ్మా. మేం ఈడనే ఉండాలె. మీ మాట ఎట్ల నమ్మాలె?"

కోపం వచ్చింది గానీ అతను అడిగినదాంట్లో తప్పులేదు. కోళ్లు పోగొట్టుకున్నవాడు, భయపడక ఏం చేస్తాడు? కాగితం మీద ఆరోగ్యంగా ఉందని రాసి ముద్ర వేసి ఇస్తే ఆ ఊళ్లో దానికి విస్తరాకు పాటి విలువ కూడా ఉండదు.

"పిల్ల దొరికింది మీ చెరువు దగ్గరేగా? దాని తల్లీ తండ్రీ అక్కడే ఉండాలి. రేపు పొద్దున ఊరందరినీ గట్టు మీదికి తీసుకురా. ఈ రకం బాతుల్లో మగవాటికి ఇదే గడ్డ ఉంటే ఇది జబ్బు కాదు."

"లేకపోతే?"

"లేకపోతే సూది నేనే వేస్తాను. మందంతటికీ."

"మేడం!" అని ముత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా బాతుల మీద మీరెట్ల పందెం గాస్తరు?"

ఆ మాట సూదిలా దిగింది. నిజమే, పోతే నాకు పోయేదేముంది? "నమ్మకం ఉండే అన్నానమ్మా. నువ్వు వద్దంటే ఈ మాట ఇక్కడే వెనక్కి తీసుకుంటాను. ఏం చేయమంటావో చెప్పు" అన్నాను.

ఆమె గంపను దగ్గరికి లాక్కుంది. "ఇన్ని దినాలల్ల ఇది రోగం గాదన్నది మీరొక్కరే. కానియ్యుండ్రి" అంది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. నేను వెళ్లేసరికి గట్టు మీద సగం ఊరు ఉంది. ముత్తమ్మ ఒక చివర ఒంటరిగా నిలబడింది, అందరూ ఆమెకు దూరంగా. చెరువు నిండుగా ఉంది, ఈవల అంచున వరిపొలాలు, ఆవల తుంగ. తుంగ పక్కన నీళ్ల మీద ఐదారు పెద్ద బాతులు మేస్తున్నాయి. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అదే చుక్కల తల, అదే నల్లటి మెరిసే వీపు.

"అవే! చూడండి, ముత్తమ్మ బాతు జాతి అదే" అన్నాను.

రాజయ్య నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తొందరపడలేదు, ఒక్కొక్కదాన్నీ పట్టి పట్టి చూశాడు. "జాతి అదే డాక్టరమ్మా. కాదంటలేను. కని ముక్కులు సూడుండ్రి. ఒక్కదానికన్న గడ్డ ఉన్నదా?"

లేదు. అన్నిటి ముక్కులూ సాఫుగా ఉన్నాయి. గట్టు మీద గుసగుసలు మొదలయ్యాయి. "మంచియి గిట్లుంటయ్, రోగందానికి గట్లయింది" అని ఎవరో గట్టిగానే అన్నారు. ముత్తమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది.

మళ్లీ చూశాను. ఆ బాతులన్నీ ముత్తమ్మ దానికంటే చిన్నవి, మెరుపు కూడా కొంచెం తక్కువ. ఇవన్నీ ఆడవి. మరి వీటి మగడెక్కడ? తుంగంతా వెతికాను, పొలాల అంచులు వెతికాను, నీళ్లంతా కళ్లతో జల్లెడ పట్టాను. లేదు. అప్పుడు తట్టింది. బాతు కదా నీళ్లలోనే ఉంటుందని మేమందరం నీళ్లు వెతుకుతున్నాం. ముత్తమ్మ బాతు గూట్లో పడుకోదు, పెంకులెక్కి కూర్చుంటుంది కదా!

"ఏటందరూ నీల్లల్లో సూస్తన్నారు? సెట్టు మీద సూడండి!" అని అరిచాను. అంతమందిలో ఒక్కరు కూడా నవ్వలేదు.

చెరువు కొసన ఎండిన మద్దిచెట్టు. ఆకులేని పైకొమ్మ మీద, రాబందులా ఒంటరిగా, పెద్ద పక్షి ఒకటి కూర్చుని ఉంది. అంత దూరం నుంచి అది బాతని ఎవరనుకుంటారు? మా అలికిడికి కాబోలు లేచింది. బాతుల్లా గబగబా రెక్కలు కొట్టలేదు, నింపాదిగా ఒక చుట్టు తిరిగి, మా ముందు నుంచే ఆడబాతుల మధ్య దిగింది. మెడ వంచి, రెక్కలు కొంచెం ఎడంగా పెట్టి, వాటి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. ముక్కు మీద సగం గారె అంత గడ్డ, ఎండలో తళతళలాడుతోంది.

ముందు నోరు విప్పింది రాజయ్యే. "అరె! దీనికి గూడ ఉన్నది" అన్నాడు. తర్వాత మద్దిచెట్టు వైపే చూస్తూ, "అగో, ఆ ఎనకకొమ్మకు ఇంకోటి. దానికి గూడ ఉన్నది" అని వేలు పెట్టి చూపించాడు. రెండోదాన్ని నేను చూడనేలేదు.

ఒక ముసలమ్మ మాత్రం వదల్లేదు. "చెరువు బాతులకు గూడ తల్లి పోసిందేమో బిడ్డా."

"పోస్తే మగవాటికే ఎందుకు పోసిందవ్వా? ఆడవి అదే నీళ్లు తాగుతున్నాయి, అదే గడ్డి తింటున్నాయి. ముత్తమ్మ మంద అంతా దీనితో ఒకే తొట్టిలో తాగుతోంది, ఒక్కదానికైనా మచ్చ పడిందా?"

"ఊకో అవ్వా" అన్నాడు రాజయ్య. "ఇది రోగం గాదు. పెండ్లికొడుకు సోకు."

గట్టంతా గొల్లుమంది. అతనే గట్టు చివరికి నడిచివెళ్లి ముత్తమ్మ ముందు నిలబడ్డాడు. క్షమించమనలేదు, అలాంటి మాటలు వాళ్లకు అలవాటు లేదు. "లే, ఇంటికి పోదాం" అన్నాడు. నేరుగా ఆమె ఇంటికి వచ్చి, గుమ్మానికి తను కట్టిన వేపమండలు తనే పీకి దొడ్లో పారేశాడు. కాసేపటికి అతని భార్య చిన్న గిన్నె పట్టుకుని వచ్చి, "ముత్తక్కా, ఇంత ఉప్పుంటె పెట్టు" అంది. ఆమె ఇంట్లో ఉప్పు లేకపోవడమేమిటి! ముత్తమ్మ గిన్నెకు గిన్నె నింపి ఇచ్చింది.

ఆ పూట నన్ను భోజనం చేయకుండా కదలనివ్వలేదు. బాతుగుడ్ల పులుసు. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి చిటపటలాడుతుంటే ముత్తమ్మ గరిటె పట్టుకునే భోరున ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను తిన్న అన్నిట్లోకీ గొప్ప భోజనం అదే.

తిరుగుదారిలో రోడ్డెక్కాక సిగ్నల్ దొరికింది. ఫోటో చూసి అటవీశాఖ డిప్యూటీ రేంజరుగారు వెంటనే ఫోన్ చేశారు. "మేడమ్, యే తో నక్టా హై! ఘర్ మే రఖ్‌నా మనా హై." నక్టా అని హిందీలో అంటారట, తెలుగులో జుట్టు చిలువ. చిలువ అంటే అడవిబాతు. దాన్ని ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరం. అయినా రెక్క కత్తిరించిన పక్షిని అప్పటికప్పుడు వదిలేస్తే నక్కలకు పెట్టినట్టే కదా! ఆయన వచ్చి, చూసి, కొత్త ఈకలు వచ్చాక వదిలేయమని, అందాకా మళ్లీ కత్తెర పెట్టొద్దని ముత్తమ్మకు చెప్పి వెళ్లారు. బాతులు వానాకాలం చివర పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాల్చుకుంటాయి, దీన్ని మోల్టింగ్ అంటాం. కొన్నాళ్లు ఎగరలేవు. తర్వాత కొత్త రెక్క వస్తుంది.

ఆ నెలల్లో ఎప్పుడు అటు క్యాంపు పడినా చెరువు గట్టు మీద కాసేపు ఆగడం నాకు అలవాటైంది. జుట్టు చిలువ నేల మీద గూడు కట్టదు. ముదురు చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. మద్దిచెట్టు తొర్రలోకి రెండు ఆడవి వంతులవారీగా దూరడం చూశాను. ఒకే తొర్రలో ఇద్దరు ముగ్గురు తల్లులు గుడ్లు పెట్టడం వాటిలో మామూలేనట. ఒక్కో మగదానికి పెళ్లాలు నలుగురైదుగురు. గుడ్డు పొదగడంలో ఆ మహానుభావుడు కలగజేసుకోడు, కొమ్మెక్కి కూర్చోవడమే పని. ఒక పొద్దున తల్లి నీళ్ల దగ్గర నిలబడి మెల్లగా పిలుస్తుంటే, పిల్లలు అంత ఎత్తు తొర్ర నుంచి ఒక్కొక్కటీ కిందికి దూకాయి. ఇంకా ఈకలైనా రాని దూది ఉండలు. నేలను తాకి, ఒకసారి పొర్లి, లేచి తల్లి వెనక వరస కట్టాయి. ముత్తమ్మ బాతు వెనకబడింది అలాంటి వరసలోంచే.

వానలు తగ్గాక, ఎవరూ ఏ మందూ వేయకుండానే, గడ్డ రోజురోజుకూ కుంగి సన్నని గీతలా మిగిలింది. జత కట్టే కాలం అయిపోయింది, ముస్తాబుతో పనిలేదు. ఊళ్లో ముసలమ్మ మాత్రం, "నేను జెప్పలే? తల్లి దిగింది" అని అందరికీ చెప్పుకుంది. నాలుక చివరి దాకా 'ఏటి' వచ్చింది గానీ మింగేశాను.

కొత్త రెక్కలొచ్చాయి. వదలాల్సిన రోజు ముత్తమ్మ మొహం చూడలేకపోయాను. "పెంచింది నేను గద మేడం. నాది గాదా?" అంది.

"నీదేనమ్మా. అందుకే వదలమంటున్నది నిన్నే" అన్నాను.

చెరువు ఒడ్డున గంప వంచింది. అది నీళ్లలో దిగి, ఈకలు సర్దుకుని, సాయంత్రానికి మళ్లీ వచ్చి పెంకుల మీద కూర్చుంది. అలా కొన్నాళ్లు. ఒక తెల్లవారుజామున పెంకుల మీద లేదు. ముత్తమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదని రాజయ్యే నాతో చెప్పాడు.

తర్వాత నాకు తోంగ్‌పాల్ వైపు బదిలీ అయింది. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నా దగ్గర పని నేర్చుకుంటుంటారు. ఏ కేసు వచ్చినా వాళ్లు, "ఇదేం జబ్బు మేడమ్?" అని అడుగుతారు. ఆ ప్రశ్న రెండోది, మొదటిది "ఇది జబ్బేనా?" అని చెబుతాను. దానికి జవాబు దొరికేదాకా బ్లేడు ట్రేలోనే ఉండాలి. ఆ మాట పాఠంలా చెప్పి ఊరుకోను, ముత్తమ్మ బాతు కథ మొత్తం చెబుతాను. బుధ్‌రామ్ వేలు కరవడం దగ్గర అందరూ నవ్వుతారు.

బాతు వెళ్లిపోయిన మరుసటి వానాకాలం ఫోన్ మోగింది. అవతల ముందు ఆవాలు చిటపటలాడటం వినిపించింది, ఆ తర్వాత ముత్తమ్మ గొంతు. "మేడం! గడ్డ మల్ల లేసింది! పొద్దుగాల పెంకుల మీద కూసున్నడు. ఎనక ఇద్దరు పెండ్లాలు, చెరువు గట్టు మీద సూస్తున్రు."

నేను మాట్లాడేలోగా ఫోన్ చేతులు మారింది. "డాక్టరమ్మా, నేను రాజయ్యను. అది అబద్ధం. వాడు కూసున్నది ఆమె పెంకుల మీద గాదు, నా పెంకుల మీద. జెర మీరన్న ఆమెకు జెప్పుండ్రి."

"సరేగానీ రాజయ్యా, గడ్డ ఎలా ఉంది?" అన్నాను.

"నిరుటికన్న పెద్దగున్నది" అన్నాడు, కొడుకు పాసైనట్టు.